ఎడమకు కొట్టిన చవక రైఫిల్

ముందే ఒప్పుకుంటున్నాను: ముప్ఫై ఏళ్లకు పైగా తుపాకుల గురి సరిచేసిన నాకు సొంతంగా గురి లేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట జాతరలో ఒకసారి సరదాగా బెలూన్లు కొట్టే తుపాకి పట్టుకున్నాను. బెలూన్లన్నీ క్షేమంగా ఉన్నాయి. దుకాణం వాడి చాయ్ గ్లాసు పగిలింది. "అన్నా, పైసలొద్దు గని జెర దూరం జరుగు" అన్నాడు వాడు. పక్కనే ఉన్న మా ఆవిడ ఊరుకోలేదు. "ఈయన తుపాకులు రిపేర్ చేస్తడు తమ్మీ" అని చెప్పింది. వాడు ఆమె వంక చూసిన చూపులో ఉన్న జాలి నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

నా చదువు గురించి కూడా చెప్పేస్తాను. ఏడో తరగతిలో నేను బడి మానేశానని ఇంట్లో చెప్పుకుంటారు. బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు చెప్పేవాడు. ఇద్దరి మాటా నిజమే. పటాన్‌చెరులో ఒక టూల్‌రూములో లేతు మిషన్ మీద చేతులు నల్లగా చేసుకుని, అక్కడి నుంచి సంగారెడ్డిలో లైసెన్సున్న ఒక తుపాకుల మరమ్మతు దుకాణానికి వచ్చాను. ఈమధ్యే మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు అడుగుతుంటే ఇది రాస్తున్నాను. కాగితాలు, తనిఖీలు, సంతకాల సంగతి రాయను. వాటిని నేర్పడానికి ఆఫీసులున్నాయి.

చవక తుపాకిని చిన్నచూపు చూడకండి

మన దేశంలో వేట నేరం. మా దుకాణానికి వచ్చేవి ఎక్కువగా పంట కాపలా తుపాకులు. అడవిపందులు మక్కచేలు తవ్విపోస్తుంటే, అనుమతి ఉన్న మనిషి, ఉత్తర్వు చేతికొచ్చాక మాత్రమే వాడేవి. రైతు కొనేది ఎప్పుడూ అన్నిటికంటే చవకైన రైఫిలే. గొట్టం కూర్చునే కట్టెకు నునుపుండదు. ట్రిగ్గరు నొక్కితే ఇసుకలో కాలీడ్చినట్టు గరగరమంటుంది. తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగితే పాత ఇనప బీరువా తెరిచిన చప్పుడు.

అయినా దానికి నేను దండం పెడతాను. పై మెరుగుల దగ్గర డబ్బు మిగుల్చుకున్నారు గానీ గొట్టం దగ్గర మోసం చేయలేదు. ఆ గొట్టాన్ని దాని మానాన వదిలేస్తే గుండును తిన్నగానే పంపుతుంది. చవక తుపాకిలో లోపం చాలాసార్లు గొట్టంలో ఉండదు, గొట్టాన్ని పీడించే దాంట్లో ఉంటుంది. వదులైన మర, వంకర కట్టె, దెబ్బ తిన్న గొట్టం మూతి, పెట్టెకో రకం తూటాలు. వీటిని ఒక్కొక్కటే తప్పించుకుంటూ పోవడమే మన పని. కొత్తవాళ్లు మొదటి వారమే "టెలిస్కోపు పెడదామా అన్నా" అంటారు. టెలిస్కోపు పెడితే గురి రాదు నాయనా, తప్పింది పెద్దగా కనిపిస్తుంది.

ఇంకొక్క మాట. రోజూ ఎడమకే కొట్టే తుపాకి మంచిది. గురి చూసే సైటు కొంచెం జరిపితే దారికొస్తుంది. ఒకరోజు తిన్నగా, ఒకరోజు ఎడమకు కొట్టే తుపాకిని చూసి భయపడాలి. అలాంటిది ఒకటి నా చేతికొచ్చింది. అది చెప్పడానికే ఇదంతా.

మూర్తి గారు

అంతకుముందు మా ఓనరు గురించి చెప్పాలి. మూర్తి గారిది గోదావరి జిల్లా. ఇటు ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఉద్యోగమంతా ఇన్‌స్పెక్షన్ విభాగంలోనే, అంటే తయారైన ప్రతి ముక్కనూ కొలిచి ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని చెప్పడం. రిటైరయ్యాక దుకాణం పెట్టారు. మనిషి సన్నం, మాట అంతకంటే సన్నం. నన్ను తప్ప అందరినీ "గారు" అంటారు. తుపాకిని "ఈవిడ" అంటారు.

నేను చేరిన కొత్తలో ఒక రైఫిలు బల్ల మీదకు రాగానే స్క్రూడ్రైవరు తీశాను. మూర్తి గారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని చాయ్ గ్లాసు పెట్టారు.

"అది తాగేదాకా ఈవిడని తెచ్చినాయన చెప్పేది విను. మరలు ఎక్కడికీ పోవు."

"సార్, మీరు డాక్టరైతే రోగి చాయ్ తాక్కుంటనే పోతుండె" అన్నాను.

"పోడయ్యా. కోత అవసరం లేదని తెలిసి ఇంటికి పోతాడు."

నా జోకులకు బజారులో అందరూ నవ్వేవారు. ఆయన నవ్వకుండా జవాబు చెప్పేవారు. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవారు. నేను చూసిన పనివాళ్లలో చేతి వేగం ఉన్నవాళ్లు చాలామంది. ఆగడం తెలిసిన మనిషి మాత్రం ఆయనొక్కరే.

బాల్‌రెడ్డి గోడు

బాల్‌రెడ్డిది హత్నూర దిక్కు పల్లె. తాతల నాటి భూమి, వ్యవసాయమే పని. చుట్టుపక్కల ఊళ్లకు పందుల్ని కొట్టే అనుమతి ఉన్న మనిషి. ఒక వానాకాలం మధ్యాహ్నం రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మల్లన్నా, గిది నా మాట వింటలేదు."

"పెండ్లయి ఎన్నేండ్లయింది పటేలా?" అన్నాను.

అతను నవ్వలేదు. ఎప్పుడూ నాకంటే ముందే నవ్వే మనిషి. మూర్తి గారు స్టూలు జరిపి, "కూర్చోండి రెడ్డి గారూ, ఈవిడ సంగతి తర్వాత. మీరు చెప్పండి" అన్నారు.

అతను చెప్పింది ఇది. పొద్దు గూకే వేళ మక్కచేను గట్టున ఒక పంది కనబడింది. దగ్గరే. కళ్లు మూసుకున్నా తప్పని దూరం. కొట్టాడు. గుండు ఎడమకు పోయి పంది తొడకు తగిలింది. చావలేదు. దెబ్బతిన్న పంది పక్క చేలోకి ఉరికింది. అక్కడ కూలి ముగించుకుని గంప ఎత్తుకుంటున్న లక్ష్మి అనే ఆమె పిక్కను చీల్చింది. కాలికి కుట్లు పడ్డాయి. ఆమె ఇంకా సంగారెడ్డి దవాఖానలోనే ఉంది.

"రోజు పోతున్న దవాఖానకు. ఆమె పెనిమిటి ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. 'తుపాకి జెర మంచిది తెచ్చుకో పటేలా' అన్నడు, గంతే." బాల్‌రెడ్డి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకోపారి గిట్లయితే ఠాణకు వోయి అప్పజెప్పి వస్త. మక్కలు పందులు తింటే తిననియ్యి. మనుషులు మిగలాలె."

"ఊరి చేన్లు ఎవరు చూస్తరు మరి?" అన్నాను.

"గదే కదనే నా బాధ. మా దిక్కు లైసెన్సు తుపాకి ఇదొక్కటే."

మరొకడైతే తుపాకిని తిట్టి ఇంకోటి కొనేవాడు, లేకపోతే లక్ష్మిని అక్కడెందుకున్నావని అనేవాడు. ఈ మనిషి తన మీద తానే తీర్పు రాసుకుని వచ్చాడు. అప్పటి నుంచి అతనంటే నాకు గౌరవం. మొహం మీద మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, అలుసైపోతానని.

రైఫిలు నా చేతికిస్తూ ఒక షరతు పెట్టాడు. కట్టె ముందు భాగం చుట్టూ, గొట్టాన్ని కలుపుకుని, పసుపు దారాలు వరుసలుగా చుట్టి ఉన్నాయి. నూనె తాగి నల్లబడ్డాయి.

"అన్నీ సూడు గని గా తోరం జోలికి పోకు. మా అమ్మ కట్టింది. ఏటా దసరాకు పూజ చేసి ఒకటి కడ్తది. పాతది ఇప్పది, మీదికెళ్లి కొత్తది కడ్తది."

"సరే పటేలా" అన్నాను. దసరాకు మా లేతు మిషన్‌కు నేనూ నిమ్మకాయ కట్టినవాడినే. మన దగ్గర ఎవరైనా "సరే" అనే అంటారు.

చేసిన పనులు

నేను కూడా తక్కువ చేయలేదు. గొట్టం లోపల ఏళ్ల మసి ఉంటే తెల్లగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచాను. మూతి దగ్గర చిన్న నొక్కు ఉంటే సరిచేశాను. సైటు మర ఒకటి వదులుగా ఉంది, బిగించాను. ట్రిగ్గరులో గట్టిపడ్డ పాత గ్రీజు తీశాను. ఒకే పెట్టెలోని తూటాలు వాడమని చెప్పాను. అనుమతి తీసుకుని ఫైరింగ్ రేంజికి వెళ్లాం. ఎండ దంచుతోంది. ఇసుక సంచి మీద తుపాకి ఆనించి బాల్‌రెడ్డి కొడుతుంటే గురి కాగితం మీద చిల్లులన్నీ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి.

"పటేలా, ఇగ పందులే వచ్చి లొంగిపోతయ్" అన్నాను. ఆ రోజు నేను నడిచిన నడక మీరు చూసి ఉండాల్సింది.

మూర్తి గారు మాత్రం, "ముసురు పట్టిన రోజు ఇంకోసారి చూడండి" అన్నారు.

ముసురు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తడి గాలి, సన్న జల్లు. అదే సంచి, అదే తూటాలు, అదే మనిషి. మొదటి గుండే ఎడమకు. రెండోది ఇంకా ఎడమకు. బాల్‌రెడ్డి తుపాకి దించి నా వంక చూశాడు. నా దగ్గర జోకు లేదు. అది చాలా అరుదు.

దుకాణానికి వచ్చాక మూర్తి గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు చేసే పని అదే.

"ఎండలో బాగుంది. తడిలో తప్పింది. ఇనుము ముసురుకి మారదు మల్లేశం. మరి ఏది మారుతుంది?"

"కట్టె సార్. ఉబ్బుతది."

"కట్టె ఒక్కటేనా?"

ఒక సన్నటి కాగితం ముక్క తీసి గొట్టానికీ కట్టెకూ మధ్య సందులో దూర్చారు. ఎడమ పక్క కాగితం సాఫీగా జారింది. కుడి పక్క వెళ్లి వెళ్లి తోరం కింద ఆగిపోయింది. కుడివైపు నుంచి ఏదో గొట్టాన్ని ఎడమకు నెడుతోంది. అదేమిటో చూడాలంటే తోరం విప్పాలి.

"బ్లేడుతోని కోసి, మళ్ల అసొంటిదే కడ్దాం సార్. ఎవరికి ఎర్క?" అన్నాను మెల్లగా.

బాల్‌రెడ్డి నేల వైపు చూశాడు. ఆ మాట అతనికీ తోచే ఉంటుంది.

"అమ్మగారికి తెలీదు. నిజమే" అన్నారు మూర్తి గారు. "మనకి తెలుస్తుంది కదా. రెడ్డి గారూ, ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి."

"సంపుతది సార్ నన్ను."

"పందికంటేనా?"

నేను నవ్వాను. బాల్‌రెడ్డి కూడా, దుకాణానికి వచ్చిన తర్వాత మొదటిసారి.

అనంతమ్మ విప్పిన ముడులు

బాల్‌రెడ్డి తల్లి పేరు అనంతమ్మ. జీపు దిగి, లోపలికి వచ్చి, దుకాణమంతా ఒకసారి చూసి, "గింత మసి ఉన్నదేంది? ఊడ్వరా?" అంది. ఊడ్చేది నేనే కాబట్టి పని ఉన్నట్టు ఆకురాయి వెతుక్కున్నాను.

మూర్తి గారు చెప్పులు విడిచి బల్ల దగ్గరికి వచ్చారు. రైఫిలు ఖాళీగా ఉందని ఆమెకు కూడా బోల్టు తెరిచి చూపించారు.

"అమ్మా, మీరు కట్టింది మీరే విప్పాలి. నేను ముట్టుకోను."

"ఎందుకిప్పాలె?" ఆమె గొంతు పెరిగింది. "నా కొడుకు పందులెంబడి తిరుగుతడు. ఇంట్ల కూసున్నదాన్ని, నేనేం చెయ్యగల్గుత? నా చేతిల ఉన్నది గదొక్కటే."

వాదిస్తారనుకున్నాను. కట్టె, తేమ, గొట్టం అని పాఠం మొదలుపెడతారనుకున్నాను. ఆయన అలాంటిదేమీ చేయలేదు.

"లక్ష్మి కాలు చూశారామ్మా?" అని మాత్రం అడిగారు.

అనంతమ్మే రోజూ దవాఖానకు జొన్నరొట్టెలు పంపుతోందని బాల్‌రెడ్డి తర్వాత చెప్పాడు. బయట పటాన్‌చెరు షిఫ్టు బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని బల్ల ముందు కూర్చుంది. మొదటి ముడి మీద గోరు పెట్టింది.

ముడులు నూనెలో నాని రాయిలా బిగుసుకున్నాయి. నేను పట్టకారు అందించబోతే మూర్తి గారు కళ్లతోనే వద్దన్నారు. ఒక్కో దారం విప్పుతూ ఆమె తనలో తను మాట్లాడుకుంది. ఇది బోరు పడ్డ ఏడు. ఇది వానలు లేని ఏడు. ఇది వీడికి జరమొచ్చి లేచిన ఏడు. చివరి దారం ఊడగానే అన్నిటినీ తన ఒడిలో పెట్టుకుంది.

మూర్తి గారు మరలు తీసి కట్టెను వేరుచేశారు. గొట్టం కూర్చునే గాడిలో, కుడి పక్కన, పసుపు రంగు పెచ్చు. పసుపు, నూనె, గంధం కలిసి ఇటుకలా గట్టిపడ్డాయి. దాంట్లో బియ్యపు గింజలు నాటినట్టు ఉన్నాయి.

"అచ్చింతలు" అంది అనంతమ్మ. "నేనేసినయే."

అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. బోల్టు పిడి కుడివైపు ఉంటుంది. అందుకని పూజలో తుపాకిని ఎడమ పక్కకు పడుకోబెడతారు, కుడి పక్క పైకి వస్తుంది. ఏటా వేసిన అక్షింతలు ఆ సందులో జారి, నూనెకు అంటుకుని, దారాల కింద ఉండిపోయాయి. ఎండలో గింజ ఎండి ముడుచుకుంటుంది, గుండు తిన్నగా. తడిలో గింజ ఉబ్బుతుంది, గుండు ఎడమకు. మనకు తప్ప ఇంకెవరికీ రాని జబ్బు ఇది. ఏ దేశపు పుస్తకంలోనూ దీనికి మందు రాసి ఉండదు.

"మీకెట్ల తట్టింది సార్?" అని తర్వాత అడిగాను.

"మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ మర్నాడు నా మొదటి పని, కొలతల బల్లలు తుడవడం. చిటికెడు కుంకుమ కొలిచే గేజీ కింద చేరితే ఆ రోజంతా మంచి ముక్కలు కూడా పనికిరానివని తేలతాయి. యూనియన్ వాళ్లు ఒకసారి గొడవకొచ్చారు, అమ్మవారి కుంకుమ తుడుస్తావా అని."

"ఏమన్నరు మీరు?"

"వాళ్లకే గుడ్డ ఇచ్చాను. భక్తిగా తుడవండి అన్నాను."

పెచ్చును ఊదిపారేయకుండా మెత్తటి పుల్లతో గీరి, ఒక్క గింజ కింద పడకుండా తెల్లకాగితంలో పొట్లం కట్టి, రెండు చేతులతో అనంతమ్మకు ఇచ్చారు మూర్తి గారు. ఆమె కళ్లకద్దుకుంది. "ఇగ యాడ కట్టాలె మరి?" అని అడిగింది. ఆయన తుపాకి వెనక భాగం, భుజానికి ఆనించే కట్టె చూపించారు. "ఇక్కడమ్మా. మీ అబ్బాయి గుండెకి దగ్గర."

పిల్లలూ, ఈ పనిలో చేతులు రెండో వరుసలో ఉంటాయి. ఆమెతో మూర్తి గారు నడుచుకున్న తీరు నాకు వచ్చిన విద్యలన్నిటికంటే పెద్దది. నాకు ఇప్పటికీ సగమే వచ్చింది.

ఆ తర్వాత

మళ్లీ ముసురు కోసం కాచుకున్నాం. జల్లు పడుతుండగా, కట్టె తడిగా ఉండగా, బాల్‌రెడ్డి కొట్టాడు. చిల్లులన్నీ ఒక అరచేత్తో కప్పేయొచ్చు. కప్పి చూశాను కూడా. ఆ చవక రైఫిలు మీద నాకు ముద్దొచ్చింది. పాపం ఇన్నేళ్లూ తిన్నగానే కొట్టాలని చూసింది, మనమే కొట్టనివ్వలేదు.

చేలో జరిగింది నేను చూడలేదు, విన్నదే రాస్తున్నాను. ఉత్తర్వు వచ్చాక ఒక సాయంత్రం, చుట్టుపక్కల మనుషులెవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని బాల్‌రెడ్డి కొట్టాడు. ఒకటే గుండు. పంది అడుగు కదల్లేదు. ఆ సంగతి నాకు చెప్పింది బాల్‌రెడ్డి కాదు, లక్ష్మి పెనిమిటి. దుకాణం ముందు సైకిల్ ఆపి, "మల్లన్నా, మా పటేలు తుపాకి ఠాణల ఇయ్యడంట" అని చెప్పి పోయాడు. లక్ష్మి అప్పటికి కర్ర లేకుండా నడుస్తోంది.

ఆ దసరాకు బాల్‌రెడ్డి ఇంటికి భోజనానికి పిలిచాడు. పూజ దగ్గర రైఫిలు పడుకోబెట్టి ఉంది. అనంతమ్మ తోరం వెనక కట్టెకే కట్టింది, బొట్టు అక్కడే పెట్టింది, అక్షింతలు కూడా అక్కడే వేసింది. అంతా సవ్యంగా ఉంది. నేను తిని చేయి కడుక్కుని ఊరికే పోవచ్చు. నా నోరు ఊరుకుంటుందా?

"పెద్దమ్మా, ఇన్నేండ్లు నీ చేతి అచ్చింతలతోనే తుపాకి పందులను తప్పింది. మీ హత్నూర దిక్కు పందులన్ని కలిసి నీకు సన్మానం చేస్తయంట, శాలువ కప్పి."

బాల్‌రెడ్డి పడీ పడీ నవ్వాడు. అనంతమ్మ నవ్వలేదు. వేలికున్న కుంకుమ నిదానంగా కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"తుపాకి పందిని తప్పింది నా అచ్చింతలతోని అంటివి, ఒప్పుకుంట బిడ్డా. మరి ఇన్నేండ్లు పంది నా కొడుకును తప్పింది గద, అది ఎవరి అచ్చింతలతోనో గది సుత చెప్పి పో."